కాసియో 991ఈఎస్ ప్లస్‌లో ఫ్యాక్ట్ మీట: పదంకెల సంఖ్య దగ్గర ఎంతవరకు నమ్మొచ్చు?

ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో కొని, నాలుగేళ్లు సైన్లు, కాస్‌లు, లాగ్‌లు కొట్టి, చివరికి తమ్ముడి చేతిలో పెట్టేసే కాలిక్యులేటర్ ఇది. అట్టపెట్టె మీద 417 ఫంక్షన్లని రాసి ఉంటుంది. ఈ రివ్యూ వాటిలో ఒక్కదాని గురించి, దాని చుట్టూ అల్లుకున్న మరికొన్నిటి గురించి. అదే ఫ్యాక్ట్, అంటే పూర్ణ సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టే మీట. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ హాస్టళ్ల నిండా ఈ మెషీన్లే. ఆ మీట నొక్కి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

తీర్పు ముందే చెప్పేస్తాను. పదంకెల లోపు సంఖ్యల గుణాలు తెలుసుకోవాలనుకునేవాళ్లకి, అంటే ఒలింపియాడ్‌కి తయారయ్యే పిల్లలకి, నంబర్ థియరీ పేపర్ ఉన్న ఎమ్మెస్సీ వాళ్లకి, క్రిప్టోగ్రఫీ తొలి పాఠాలు చెప్పే లెక్చరర్లకి, ఇది చాలా మంచి పనిముట్టు. షరతు ఒక్కటే. జవాబులో బ్రాకెట్లు కనిపిస్తే వాటి అర్థం తెలిసుండాలి. బ్రాకెట్లో ఉన్నది ప్రధాన సంఖ్య అని రాసేసుకునే విద్యార్థులు ఎక్కువ, అది తప్పు. "నాకు చేతనైనంత చేశాను, ఇక్కడి నుంచి మీరు చూసుకోండి" అని మెషీన్ చెప్పడమే ఆ బ్రాకెట్లు.

వాడే పద్ధతి చిన్నది. మామూలు లెక్కలు చేసే కాంప్ మోడ్‌లో సంఖ్య కొట్టి = నొక్కాలి. జవాబు తెర మీదకి వచ్చాక షిఫ్ట్, ఆ తర్వాత డిగ్రీ-నిమిషం-సెకను గుర్తులున్న మీట. దాని పైన పసుపు రంగులో ఫ్యాక్ట్ అని ఉంటుంది. మళ్లీ అదే నొక్కితే మామూలు సంఖ్య వెనక్కి వస్తుంది. దశాంశం, భిన్నం, ఋణ సంఖ్య ఇస్తే మ్యాథ్ ఎర్రర్.

ఇప్పుడు ఈ రెండు సంఖ్యలు కొట్టి చూడండి. 9876543210 కొడితే 2×3²×5×17²×379721 అని శుభ్రంగా వస్తుంది, బ్రాకెట్ లేదు. అదే అంకెల్ని తిరగేసి 1234567890 కొడితే 2×3²×5×(13717421) దగ్గర ఆగిపోతుంది. రెండూ పదంకెలవే. ఒకటి పూర్తిగా విడిపోయింది, ఇంకోటి మొండికేసింది. మొండికేసింది చిన్న సంఖ్య కావడం గమనించండి, కాబట్టి ఇబ్బంది సంఖ్య సైజుది కాదు.

ఈ మెషీన్ మూడంకెల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతోనే భాగించి చూస్తుంది, చివరిది 997. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 1009. మిగిలిన ముక్క 1009 వర్గం కన్నా, అంటే 1018081 కన్నా చిన్నదైతే అది కచ్చితంగా ప్రధాన సంఖ్యే. రెండు ప్రధానాల లబ్ధమై ఉంటే వాటిలో చిన్నది 1009 కన్నా తక్కువుండాలి, అలాంటివన్నీ ముందే బయటికి తీసేశాం కదా. అందుకే 379721ని మెషీన్ ధైర్యంగా బ్రాకెట్ లేకుండా చూపింది. మిగిలింది 1018081 గానీ అంతకన్నా పెద్దది గానీ అయితే మెషీన్ ఏమీ తేల్చలేదు, బ్రాకెట్లో పెట్టేస్తుంది. సరిగ్గా 1018081 కొట్టి చూడండి. అది 1009×1009 అని మనకి తెలుసు, తెర మీద మాత్రం (1018081) అనే ఉంటుంది. బ్రాకెట్ అంటే ప్రధాన సంఖ్య కాదనడానికి ఇంతకన్నా చిన్న సాక్ష్యం దొరకదు.

బ్రాకెట్ లేని జవాబుని కళ్లు మూసుకుని నమ్మొచ్చు. కోఠి పిన్‌కోడ్ 500095 కొడితే 5×100019. బ్రాకెట్ లేదు కాబట్టి 100019 ప్రధాన సంఖ్యే, ఇంకేమీ చెక్ చేయనక్కర్లేదు. పది ఒకట్లు, 1111111111, కొడితే 11×41×271×9091. వంద కోట్ల ఒకటి, 1000000001, కొడితే 7×11×13×19×52579. అన్నీ పూర్తయిన జవాబులే.

ఇక అసలు పని. బ్రాకెట్లో మిగిలిన 13717421ని ఏం చేయాలి? ఇక్కడే ఈ మెషీన్లోని టేబుల్ మోడ్ అక్కరకొస్తుంది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా పద్ధతి ప్రకారం బేసి సంఖ్య రెండు కారణాంకాల లబ్ధమైతే దాన్ని రెండు వర్గాల భేదంగా రాయొచ్చు. ఒక వర్గం ఆ రెండు కారణాంకాల సగటుది, ఇంకోటి వాటి తేడాలో సగానిది. కాబట్టి వర్గమూలం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి వెళ్తూ, ఎక్స్ వర్గంలోంచి మన సంఖ్య తీసేస్తే మిగిలేది వర్గమేనా అని చూడాలి.

మోడ్, 7 నొక్కితే టేబుల్ వస్తుంది. ఎఫ్ ఆఫ్ ఎక్స్ దగ్గర √(ఎక్స్²−13717421) కొట్టండి. ఎక్స్ కావాలంటే ఆల్ఫా నొక్కి ముగింపు బ్రాకెట్ మీట. రెండో ఫంక్షన్ అడిగితే ఖాళీగా వదిలేసి = కొట్టండి. 13717421 వర్గమూలం 3703.7 చిల్లర, కాబట్టి స్టార్ట్ 3704, ఎండ్ 3720, స్టెప్ 1. 3703 నుంచి మొదలుపెడితే రూట్ లోపల ఋణ సంఖ్య పడి మొదటి గడిలో ఎర్రర్ కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు.

మొదటి వరుసలో 46.85 చిల్లర, పనికిరాదు. రెండో వరుసలో 3705 ఎదురుగా 98, చిల్లర లేకుండా. అయిపోయింది. 3705−98 = 3607, 3705+98 = 3803. అంటే 1234567890 = 2×3²×5×3607×3803. ఇప్పుడు 3607, 3803లను ఫ్యాక్ట్‌కి ఇస్తే రెండూ ఉన్నవి ఉన్నట్టే, బ్రాకెట్ లేకుండా నిలబడతాయి, అంటే రెండూ ప్రధానాలే. మెషీన్ చేతులెత్తేసిన సంఖ్య రెండు వరుసల్లో విడిపోయింది. మొదటి వరుసని చూడకుండానే కొట్టేయొచ్చు కూడా. 3704²−13717421 = 2195. 5తో ముగిసే ఏ వర్గమైనా 25తోనే ముగియాలి, ఇది 95తో ముగిసింది. ఇలాంటి చిన్న జల్లెడలు తెలిసినవాళ్ల చేతిలో ఈ మెషీన్ చాలా దూరం వెళ్తుంది.

ప్రతిసారీ ఇంత తేలిగ్గా తెగదు. ఫెర్మా పద్ధతి బాగా పనిచేసేది రెండు కారణాంకాలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే. 1009×99991 = 100890919 తీసుకోండి. వర్గమూలం 10044 దగ్గర, రెండు కారణాంకాల సగటేమో 50500. ఒక్కొక్కటే ఎక్కుతూ పోతే 40456 వరుసలు కావాలి. అదే సంఖ్యని 1009తో భాగిస్తే మొదటి దెబ్బకే పడుతుంది. అందుకే రెండు వైపుల నుంచీ రావాలి. ఒక టేబుల్ వర్గమూలం దగ్గర నుంచి పైకి, ఇంకో టేబుల్ 1009 నుంచి పైకి. అటు చివర 1009, 1013, 1019, 1021, 1031, 1033, 1039, 1049, 1051, 1061, 1063, 1069 వరుసగా వస్తాయి. ప్రధానాల జాబితా చేతిలో లేకపోయినా స్టెప్ 2 పెట్టి బేసి సంఖ్యలన్నిటితోనూ భాగించుకుంటూ పోవచ్చు, నష్టమేమీ లేదు.

ఇక్కడ ఒక గుంత ఉంది. టేబుల్‌లో ఎన్÷ఎక్స్ అని పెడితే (ఎన్ అంటే మనం విడగొడుతున్న సంఖ్య) గడి ఇరుకు కాబట్టి కొన్ని అంకెలే కనిపిస్తాయి. పూర్ణ సంఖ్యలా కనిపించిన దాని వెనక .0003 దాగి ఉండొచ్చు. కర్సర్ ఆ గడి మీద పెడితే కింది వరుసలో పూర్తి విలువ వస్తుంది, కానీ ప్రతి గడికీ అలా చూస్తూ కూర్చోలేం. బదులుగా ఎన్÷ఎక్స్−ఇంట్(ఎన్÷ఎక్స్) పెట్టండి. ఇంట్ అంటే పూర్ణాంశం, ఆల్ఫా నొక్కి కూడిక మీట. అప్పుడు కళ్లు వెతకాల్సింది ఒక్క సున్నా కోసమే. వరుసల సంఖ్యకీ హద్దుంది. సెటప్‌లో టేబుల్ దగ్గర ఒక్క ఫంక్షనే ఎంచుకుంటే 30 వరుసలు, రెండూ ఉంచితే 20. ముందే ఒక్కదానికి మార్చుకోండి.

బ్రాకెట్లో ఎన్ని ప్రధానాలు దాక్కుని ఉండొచ్చో కూడా ముందే చెప్పొచ్చు. 1009 ఘనం 102,72,43,729. బ్రాకెట్లోది అంతకన్నా చిన్నదైతే లోపల ఉన్నది ఒక ప్రధానం, లేదా రెండు. ఆ పైన పదంకెల్లోపు మహా అయితే మూడు. నాలుగు ఎప్పటికీ పట్టవు.

ఈ మెషీన్ మీద పెట్టగల మంచి పరీక్ష 4294967297, అంటే 2³²+1. ఫెర్మా దీన్ని ప్రధానమనుకున్నాడు, 1732లో గణితవేత్త ఆయిలర్ 641తో భాగించి కాదని తేల్చాడు. ఫ్యాక్ట్ నొక్కితే 641×(6700417) వస్తుంది. ఆయిలర్ పట్టిన కారణాంకం ఒక్క మీటతో దొరికింది, మిగతాది బ్రాకెట్లో ఉండిపోయింది. అది ప్రధానమా కాదా? వర్గమూలం 2588 చిల్లర. 997 దాకా మెషీన్ చూసేసింది, మిగిలినవి 1009 నుంచి 2588 దాకా ఉన్న ప్రధానాలు, రెండు వందల పైనే. అన్నిటితో భాగించక్కర్లేదు. 2³²+1ని భాగించే ఏ ప్రధానమైనా 128తో భాగిస్తే 1 శేషం రావాలి. 64తో 1 శేషం వస్తుందని ఆయిలర్‌కే తెలుసు, 128 దాకా బిగించింది తర్వాతి కాలపు ఫ్రెంచ్ గణితవేత్త లూకా. 1009 పైన, 2588 లోపల అలాంటి సంఖ్యలు 13 మాత్రమే: 1025, 1153, 1281, 1409 అలా 128 చొప్పున పెరుగుతూ 2561 దాకా. ఈ పదమూడింటినీ ఫ్యాక్ట్‌కి ఇస్తే పదకొండు విరిగిపోతాయి. నిలబడేవి 1153, 1409 రెండే. 6700417ని 1153తో భాగిస్తే శేషం 334, 1409తో భాగిస్తే 622. రెండూ భాగించలేదు కాబట్టి 6700417 ప్రధాన సంఖ్య. మెషీన్ తేల్చనిదాన్ని రెండు భాగహారాలతో తేల్చేశాం.

ఇదే దారిలో 2147483647, అంటే 2³¹−1 మీదకీ వెళ్లొచ్చు. ఫ్యాక్ట్ దాన్ని మొత్తంగా బ్రాకెట్లో పెట్టేస్తుంది. అది ప్రధానమని 1772లో ఆయిలర్ నిరూపించాడు. దాన్ని భాగించగల ప్రధానాలు 248తో భాగిస్తే 1 గానీ 63 గానీ శేషం ఇవ్వాలి. వర్గమూలం 46340 చిల్లర. టేబుల్ మోడ్‌లో స్టెప్ 248 పెట్టి, ఒకసారి 1241 దగ్గర, ఇంకోసారి 1055 దగ్గర మొదలుపెడితే, 30 వరుసల చొప్పున ఒక్కోదానికి ఏడేసి, మొత్తం 14 టేబుళ్లు. ఎక్కడా సున్నా పడదు. ఓపికగా కూర్చుంటే ఆయిలర్ ఫలితం మీ చేతిలోని మెషీన్ మీదే రుజువవుతుంది. నంబర్ థియరీ చెప్పే క్లాసులో పిల్లలకి తలా ఒక టేబుల్ పంచితే ఒక పీరియడ్‌లో అయిపోయే పని.

ఇక పదంకెల హద్దు సంగతి. తెర మీద పది అంకెలే కనిపిస్తాయి గానీ లోపల లెక్క 15 అంకెలతో నడుస్తుంది. 2⁴⁰ కొడితే 1.099511628×10¹² అని వస్తుంది, చివరి అంకెలు గుండ్రం అయిపోయాయి. వెంటనే ఆ జవాబులోంచి 1099500000000 తీసేయండి. 11627776 వస్తుంది. ముందు 10995 పెట్టుకుంటే పూర్తి సంఖ్య 1099511627776. దాగిన అంకెలు ఇలా బయటపడతాయి. 2⁵⁰ దగ్గర ఈ చిట్కా చెల్లదు. అది 16 అంకెల సంఖ్య, చివరి అంకెకి లోపల చోటే లేదు.

అప్పుడు చివరి అంకెల కోసం శేషాల దారి పట్టాలి. 2¹⁰ చివరి నాలుగంకెలు 1024. దాని వర్గం 1048576, 8576 ఉంచుకోండి, అది 2²⁰ది. 8576 వర్గం 73547776, 7776 ఉంచుకోండి, అది 2⁴⁰ది. పైన బయటపెట్టిన సంఖ్య చివర కూడా 7776 ఉంది, సరిపోయింది. 7776×1024 = 7962624. కాబట్టి 2⁵⁰ చివర 2624 ఉండాలి. అసలు విలువ 1125899906842624. ఎంత పెద్ద ఘాతమైనా ప్రతి అడుగులోనూ సంఖ్య ఎనిమిదంకెలు దాటదు, మెషీన్‌కి ఏ ఇబ్బందీ లేదు.

10000 కాకుండా వేరే సంఖ్యతో శేషం కావాలంటే ఈ మోడల్‌లో నేరుగా మీట లేదు. ఏ−బీ×ఇంట్(ఏ÷బీ) అని ఒకసారి కొట్టి పెట్టుకుని కాల్క్ మీట నొక్కితే ఏ ఎంత, బీ ఎంత అని అడుగుతుంది. విలువలు ఇచ్చి = కొడితే శేషం వస్తుంది, మళ్లీ = కొడితే మళ్లీ అడుగుతుంది. బేస్-ఎన్ మోడ్‌లో, మోడ్ 4 నొక్కి, డెసిమల్‌లో ఉంటే ఇంట్ కూడా అక్కర్లేదు, అక్కడ భాగహారం దశాంశాలు వదిలేసి భాగఫలాన్నే ఇస్తుంది. కానీ ఆ మోడ్ 2147483647 దాటితే ఎర్రర్ ఇస్తుంది. వర్గాలు చేసి శేషాలు తీసే పనిలో బీ అయిదంకెల్లోపు ఉంచుకుంటే కాంప్ మోడ్‌లో నిశ్చింతగా చేసుకోవచ్చు. గ.సా.భా., క.సా.గు.లకి విడిగా మీటలే ఉన్నాయి, ఆల్ఫా తర్వాత గుణకారం, ఆల్ఫా తర్వాత భాగహారం. వాటి గురించి చెప్పాల్సింది ఇంకేమీ లేదు, బాగా పనిచేస్తాయి.

శేషాలు తీయడం చేతిలోకి వచ్చాక చాలామంది ఫెర్మా పరీక్ష మీద పడతారు. 2 ఘాతం (ఎన్−1)ని ఎన్‌తో భాగిస్తే శేషం 1 వచ్చింది కాబట్టి ఎన్ ప్రధానం అని రాసేస్తారు. అది చెల్లదు. 341 చూడండి. 2¹⁰ = 1024 = 3×341+1. అంటే 2¹⁰కి శేషం 1, దాన్ని 34వ ఘాతానికి ఎత్తితే 2³⁴⁰కీ శేషం 1. పరీక్ష పాసైంది. కానీ ఫ్యాక్ట్ నొక్కితే 11×31. శేషం 1 రాకపోతే సంయుక్త సంఖ్య అని ఖాయంగా చెప్పొచ్చు, వస్తే మాత్రం ఏమీ తేలదు. 2కి బదులు 3 తీసుకుంటే 341 దొరికిపోతుంది. 561 = 3×11×17 ఇంకా గట్టిది, దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యతో చేసినా శేషం 1 వచ్చి తప్పించుకుంటుంది.

ఈఎస్ ప్లస్ వర్గం మెషీన్లలో అందరికీ తెలిసిన ఒక లోపం పూర్ణ సంఖ్యల పనికి నేరుగా అడ్డొస్తుంది. 11⁶÷13 కొట్టండి. రావాల్సింది 136273.923 చిల్లర. మ్యాథ్ సెటప్‌లో ఉంటే జవాబు 156158413π÷3600 రూపంలో వస్తుంది. 11కీ 13కీ π (పై)తో సంబంధమే లేదు. జవాబుని అందమైన రూపంలో చూపాలన్న తాపత్రయంలో మెషీన్ ఆ దశాంశాన్ని π గుణిజంతో పోల్చి చూస్తుంది, తనకున్న అంకెల్లో రెండూ కలిసిపోవడంతో అదే జవాబని నమ్మేస్తుంది. దశాంశ విలువ దాదాపు సరైనదే, రూపం మాత్రం పూర్తిగా తప్పు. విరుగుడు సులువు. సంఖ్యల పనికి కూర్చునే ముందు షిఫ్ట్, మోడ్, 2 నొక్కి లైన్ సెటప్‌లోకి మార్చేయండి. రూట్లు, భిన్నాలు పుస్తకంలోలా కనిపించవు, అంతే. ఫ్యాక్ట్‌కి, టేబుల్‌కి అదేం ఇబ్బంది కాదు.

కారణాంకాలు చేతికొచ్చాక సంఖ్య గుణాలు మనమే చదవొచ్చు. ఎన్ని భాజకాలున్నాయో కావాలంటే ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి అన్నిటినీ గుణించాలి. పెళ్లి చదివింపుల 1116ని విడగొడితే 2²×3²×31, భాజకాలు 3×3×2 = 18. రామకోటి రాసేవాళ్ల కోటి 2⁷×5⁷, భాజకాలు 64. దాని పక్కనున్న 99,99,999 = 3²×239×4649, భాజకాలు 12. ఇటుపక్క 1,00,00,001 = 11×909091, భాజకాలు నాలుగే. పక్కపక్క సంఖ్యలకి ఒకదాని గుణాలతో ఇంకోదానికి పోలికే ఉండదని ఈ మూడూ చూస్తే తెలుస్తుంది.

పదంకెల తెర మీద చూడదగ్గ సంఖ్య ఒకటుంది: 6983776800. ఫ్యాక్ట్ ఇస్తే 2⁵×3³×5²×7×11×13×17×19. భాజకాల లెక్క 6×4×3×2×2×2×2×2 = 2304. పదంకెల దాకా ఉన్న సంఖ్యల్లో దీన్ని మించి భాజకాలున్నది లేదు. తనకన్నా చిన్న ప్రతి సంఖ్య కన్నా ఎక్కువ భాజకాలున్న ఇలాంటి సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద వ్యాసమే ప్రచురించాడు. ఘాతాలు ఎడమ నుంచి కుడికి ఎక్కడా పెరగవని, మధ్యలో ఏ ప్రధానమూ జారిపోదని తెర మీద కళ్లారా చూడొచ్చు. 13! = 6227020800 కూడా దీని దగ్గరదే, పదంకెల్లో పట్టే చివరి ఫ్యాక్టోరియల్. విడగొడితే 2¹⁰×3⁵×5²×7×11×13, భాజకాలు 1584. పెద్ద సంఖ్యే, కానీ 2లు అవసరానికి మించి పేరుకుపోయాయి, అందుకే వెనకబడింది. పరిపూర్ణ సంఖ్య, అంటే తనకన్నా చిన్న భాజకాలన్నీ కూడితే తానే వచ్చే సంఖ్య, 8589869056 కూడా తెర మీద ఇముడుతుంది: 2¹⁶×131071. తర్వాతి పరిపూర్ణ సంఖ్య పన్నెండంకెలది, ఫ్యాక్ట్‌కి అందదు.

అలాంటివాటికి ఈ మెషీన్‌ని కష్టపెట్టకండి. సంఖ్యల లెక్కలు చేసే పారీ/జీపీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే చాలు. 2⁶⁷−1 అనే 21 అంకెల సంఖ్యని 193707721×761838257287గా ఎంటర్ కొట్టేలోపే విడగొడుతుంది. అదే ఫలితాన్ని 1903లో అమెరికన్ గణితవేత్త కోల్ చేత్తో సాధించాడు. కానీ పారీ జవాబు ఇచ్చేస్తుంది, దారి చూపించదు. ఎక్కడి దాకా తెలుసు, ఎక్కడి నుంచి తెలియదు అన్న గీత తెర మీద బ్రాకెట్లా కనిపించడం నేర్చుకునేవాళ్లకి మేలు. ఆ ఒక్క కారణంతో నేను మొదటి ఏడాది విద్యార్థికి కాలిక్యులేటరే చెప్తాను.

కొత్త 991సీడబ్ల్యూ మోడల్‌లో ఈ పని ఫార్మాట్ మీట కింద ప్రైమ్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. మూడంకెల ప్రధానాల హద్దు, బ్రాకెట్ పద్ధతి అందులోనూ అవే. దాంట్లో స్ప్రెడ్‌షీట్ ఉండటం నిజంగా లాభం. కానీ మీటల అమరిక మొత్తం మారింది, ఈఎస్ ప్లస్ అలవాటైన చేతికి విసుగొస్తుంది. ఫ్యాక్ట్ కోసమే అయితే పాతదే చాలు. జేఈఈ మెయిన్‌కి, ఎప్‌సెట్‌కి కాలిక్యులేటర్ అనుమతించరు, గేట్‌లో తెర మీద వాళ్లిచ్చేదే వాడాలి. కాబట్టి పరీక్షల కోసం దీన్ని కొనేవాళ్లు తమ కాలేజీ సెమిస్టర్ నియమాలు చూసుకోవాలి.

కోఠిలో గానీ ఆబిడ్స్‌లో గానీ కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే బయటికి తీసి చూడండి, నకిలీలు బాగానే తిరుగుతున్నాయి. సోలార్ పలకని బొటనవేలితో మూసినా తెర వెలగాలి. మసకబారితే లోపలి ఎల్‌ఆర్44 సెల్ అయిపోయినట్టు. తర్వాత 9876543210 ఇచ్చి ఫ్యాక్ట్ నొక్కండి, 17² కనిపించాలి, చివరి 379721కి బ్రాకెట్ ఉండకూడదు. 1234567890 ఇవ్వండి, 13717421కి బ్రాకెట్ ఉండాలి. ఫ్యాక్ట్ అని పైన అచ్చు ఉండి లోపల పనిచేయని మెషీన్ అయితే ఇక్కడే బయటపడుతుంది. పాతది సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే డిగ్రీ గుర్తుల మీట, ఆల్ఫా మీట రెండూ గట్టిగా నొక్కకుండానే పలుకుతున్నాయా అని చూడండి. ఈ పనంతా ఆ రెండిటి మీదే నడుస్తుంది. బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి.